వెళ్ళొస్తానన్న మాట

సోమవారం, ఆరో తేదీ, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు అకౌంట్స్ గది కిటికీలోంచి టీచరుకు చెప్పారు: మీ డబ్బు ఈ నెల రాదు.

ఆమె రెండేళ్ళ కాంట్రాక్టు శుక్రవారంతో ముగిసింది. విమానం బుధవారం సాయంత్రం. రావాల్సిన డబ్బు బహుమానం కాదు, ఆమె జీతంలోంచి పట్టి ఉంచినదే. బయటి దేశాల నుంచి వచ్చిన టీచర్లు చెప్పాపెట్టకుండా మధ్యలో వెళ్ళిపోకుండా ఆ ఇంగ్లీషు శిక్షణ సంస్థ ప్రతి జీతంలో ఎనిమిదో వంతు ఆపుతుంది. గడువు పూర్తి చేసి వెళ్ళేవాళ్ళకు ఒకేసారి ఇస్తుంది. ఇరవై నాలుగు నెలలకు ఆమె పేర మూడు జీతాలు పోగయ్యాయి.

ఆ మూడు జీతాలకు ఇంటి దగ్గర ముందే పని పడింది. ఆమె భర్తకు జిరాక్స్ షాపు ఉంది. పదకొండేళ్ళుగా అద్దె గదిలో నడుపుతున్నాడు. యజమాని ఆ గది అమ్మేస్తానన్నాడు. ముందు మిమ్మల్నే అడుగుతున్నానని చెప్పి బయానా పుచ్చుకున్నాడు. మిగతాది పదిహేనో తేదీలోగా కట్టకపోతే బయానా పోతుంది, గదీ పోతుంది.

"ఎందుకు రాదండీ?" అంది టీచరు.

"మీరు మానేయడం లేదుగా," అన్నాడు అకౌంటెంట్. "సెలవు మీద వెళ్తున్నారు. తిరిగొచ్చేవాళ్ళకు పట్టిన డబ్బు ఇవ్వం. టికెట్టు కూడా రానూపోనూ తీశాం."

"తిరిగొస్తానని ఎవరు చెప్పారు?"

"మీరే."

అతను కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. ఆమె పేరు, చేరిన తేదీ, కింద ప్రిన్సిపల్ శుక్రవారం రాయించిన ఒక వరుస. అందులో ఆమె మాటలు ఆమె అన్నట్టే ఉన్నాయి: ఐ విల్ గో అండ్ కమ్.

టీచరుకు శుక్రవారం గుర్తొచ్చింది. స్టాఫ్ గదిలో టీ, బిస్కెట్లు ఇచ్చారు. ప్రిన్సిపల్ ఆమె చెయ్యి పట్టుకుని, "అయితే వెళ్ళిపోతున్నారన్నమాట," అంది. టీచరు చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. "ఐ విల్ గో అండ్ కమ్, మేడమ్," అంది. ప్రిన్సిపల్ ఆమెను కావలించుకుంది. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి కావలించుకుంది. అభిమానం అనుకుంది టీచరు.

రెండేళ్ళలో ఆమె ఎన్ని వందల నోటుపుస్తకాలు దిద్దిందో లెక్కలేదు. పిల్లలు తమ ఇంటి భాషలో అనుకుని ఇంగ్లీషులో రాసిన ప్రతి వాక్యం చుట్టూ సున్నా చుట్టేది. దిద్దడం పెన్సిల్‌తోనే. ఎర్ర పెన్ను పది రోజులకు అయిపోతుంది, పెన్సిల్ మూడు నెలలు వస్తుంది. పిల్లలు ఆమెకు పెన్సిల్ మిస్ అని పేరు పెట్టారు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది పెన్సిల్ మిస్.

చెల్లింపుల జాబితా మంగళవారం పన్నెండింటికి బ్యాంకుకు వెళ్తుంది. ఆ తర్వాతది వచ్చే నెల ఏడునే. మంగళవారం పన్నెండులోపే ఆమె ఉత్తరం ఇవ్వాలి, దాని మీద ప్రిన్సిపల్ సంతకం ఉండాలి. ప్రిన్సిపల్ ఇంకో బ్రాంచిలో ఉంది, మంగళవారం పదింటికి గానీ రాదు.

"ఉత్తరంలో గడువు ముగిసిందని రాస్తే చాలదు," అన్నాడు అకౌంటెంట్. "గడువు ముగిసినవాళ్ళు మళ్ళీ చేరుతుంటారు. నేను వెళ్ళిపోతున్నాను, తిరిగి రాను అని ఉండాలి."

ప్రిన్సిపల్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రేపు మాట్లాడదాం అని మెసేజ్ పెట్టింది, పక్కన నవ్వు బొమ్మతో.

సాయంత్రం ఆరింటికి టీచరు గదికి చేరింది. రోజూలాగే నాలుగు స్టాపులు నడిచి ఆ తర్వాతే బస్సెక్కింది. గదిలో రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, కిటికీకి అడ్డంగా బట్టల తాడు. బల్ల మీద ఆమె పోపుల డబ్బా. అందులో ఆవాలు, జీలకర్ర ఉండవు. ఆరు గిన్నెల్లో అద్దె, బస్సు, బియ్యం, కూరలు, ఫోను, మందులు. నడిమి గిన్నె ముట్టుకోకూడనిది. శనివారాలు హోటల్ పనివాళ్ళకు చెప్పిన పాఠాల డబ్బు అందులో పడేది, అందులోంచే బయానా వెళ్ళింది.

ఆమెతో గది పంచుకునే అమ్మాయి ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. టీచరు కంటే ఎనిమిదేళ్ళు చిన్న. టీచరు జుట్టు కత్తిరించేది ఆమే, ఆ పూట గిన్నెలు తోమేది టీచరు.

"ఏమన్నావూ? మళ్ళీ అనక్కా."

"ఐ విల్ గో అండ్ కమ్."

ల్యాబ్ అమ్మాయి మంచం మీద కూలబడి నవ్వింది. "ఊరందరి ఇంగ్లీషూ దిద్దావు కదక్కా! నీది దిద్దే దిక్కు లేకపోయింది."

"నవ్వు. నీ నవ్వుకి షాపు గది వస్తుందేమో చూద్దాం."

"అది కాదక్కా, బై అంటే పోయేదిగా?"

"నోటికి రావద్దూ? గడప దగ్గర నిలబడి వెళ్తున్నా అని మీ ఇంట్లో అంటావా? చిన్నప్పుడు ఒకసారి అన్నాను. మా నాయనమ్మ నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ సరిగ్గా చెప్పించి పంపింది. ఆ రోజు బడి బస్సు పోయింది. మా నాన్న నాయనమ్మని ఏమీ అనలేక నన్ను తిట్టాడు."

టీచరు తెల్ల కాగితం తీసి తేదీ వేసింది. నేను వెళ్ళిపోతున్నాను అని ఇంగ్లీషులో రాసింది. రెండో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. పెన్ను మూత పెట్టింది, తీసింది.

"రాయక్కా."

"ప్రయాణం ముందు పెట్టుకుని రాను అని రాతలో పెట్టడమేంటే. ఒళ్ళు జలదరిస్తోంది."

"ఇంగ్లీషులోనేగా రాసేది? మీ నాయనమ్మకి ఇంగ్లీషు రాదులే."

అప్పుడే ఫోన్ మోగింది. భర్త. వెనక జిరాక్స్ మెషిన్ చప్పుడు వినిపిస్తోంది. ఆమె జరిగింది మొదటి నుంచీ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను. రాసెయ్యి. కానీ ఎక్కడికి రానంటున్నావో చూసుకుని మరీ రాయి. కంగారులో ఇంటికి రానని రాసేవు."

"మీకన్నీ వేళాకోళమే."

"కాకపోతే ఏడవమంటావా? గది పోతే ఇంకో గది చూసుకుందాం. నువ్వైతే రా."

మెషిన్ పది కాపీలు తీసి ఆగింది.

ఫోన్ పెట్టేశాక ఆమె రెండో వాక్యం రాసింది. తప్పులున్నాయేమోనని అలవాటుగా ఒకసారి చదివింది. లేవు.

మంగళవారం తొమ్మిదిన్నరకే ప్రిన్సిపల్ గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా నోటీసు బోర్డు. కొత్త టైమ్ టేబుల్‌లో మంగళ, గురువారాల వరుసల్లో ఆమె పేరుంది. ఆరు వారాల తర్వాతి తేదీ వేసి ఉంది. పది గంటలైంది. పదీ ఇరవై ఐదుకు ప్రిన్సిపల్ వచ్చింది.

"మీరు అడగకుండానే ఆరు వారాలు సెలవిచ్చాను. చాలుతుందా?" అంది కుర్చీలో కూర్చుంటూ.

టీచరు ఉత్తరం ఇచ్చింది. ప్రిన్సిపల్ రెండుసార్లు చదివింది.

"శుక్రవారం ఒకటి చెప్పారు, ఈరోజు ఇంకోటి రాశారు. ఏది నిజం?"

"రెండూ నిజమే, మేడమ్. మా భాషలో గడప దగ్గర వెళ్తున్నానని ఎవరూ అనరు. వెళ్ళి వస్తాననే అంటారు. అది మర్యాద మాట. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తెచ్చేశాను. పిల్లలు రాస్తే సున్నా చుట్టేదాన్ని."

"మరి వెళ్ళిపోయి మళ్ళీ ఎన్నడూ రానివాళ్ళు ఏమంటారు?"

టీచరు ఆలోచించింది. "వాళ్ళూ వెళ్ళొస్తాననే అంటారు."

"వినేవాళ్ళకు తేడా ఎలా తెలుస్తుంది?"

"పెట్టె బరువు చూస్తే తెలుస్తుంది, మేడమ్."

ప్రిన్సిపల్ నవ్వింది. నవ్వాక కాసేపు బల్ల మీది టైమ్ టేబుల్ నకలు చూసింది. తర్వాత పెన్ను తీసింది.

"నిబంధన ఉంది. నోటితో కూడా అడగాలి. మీరు తిరిగొస్తారా?"

టీచరు గది గడప వైపు చూసింది. తాను గడప లోపలే ఉంది.

"రాను, మేడమ్," అంది ఇంగ్లీషులో.

సంతకం పడింది. పదీ నలభై ఐదు.

"మీ మాట ఎలా పలకాలి?" అంది ప్రిన్సిపల్, కాగితం చేతికిస్తూ.

టీచరు చెప్పింది. ప్రిన్సిపల్ అంది. 'ళ్ళ' పలకలేదు. టీచరు నాలుక ఎక్కడ మడవాలో చూపించింది. మూడోసారికి కాస్త దగ్గరికొచ్చింది.

"కానీ మేడమ్, అది వెళ్ళేవాళ్ళు అనాలి. ఉండేవాళ్ళు వెళ్ళి రండి అంటారు."

"మళ్ళీ రమ్మనే అంటారా? మీ భాషతో జీతాల లెక్కలు చూడటం కష్టం," అంది ప్రిన్సిపల్.

పదకొండూ ఐదుకు అకౌంటెంట్ ఫైలు మార్చాడు. తిరుగు టికెట్టు రద్దు చేశాడు. పన్నెండింటికి జాబితా వెళ్ళిందని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం మూడూ నలభైకి టీచరు ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆమె మెట్ల మీద కూర్చుని అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. మూడు జీతాలు, పైసాతో సహా. చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. మెట్లెక్కుతున్న ఇద్దరు పిల్లలు పెన్సిల్ మిస్ అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు, పక్క నుంచి వెళ్ళారు.

ఆ రోజు ఆమె సంస్థ గేటు ముందే బస్సెక్కింది.

గదికి రాగానే డబ్బు ఇంటికి పంపింది. భర్తకు ఫోన్ చేసి చెప్పింది. "రానని ఎక్కడికి రాశావో ఇంకోసారి చదువు," అన్నాడాయన. ఆమె ఈసారి నవ్వింది. ఇద్దరూ కలిసి నవ్వారు, మెషిన్ దగ్గర కాగితాల కోసం నిలబడ్డ మనిషి, "అన్నా, నా కాపీలు," అనేదాకా.

బుధవారం నాలుగింటికి టాక్సీ వచ్చింది. పోపుల డబ్బా ల్యాబ్ అమ్మాయికి ఇచ్చేసింది.

"నడిమి గిన్నె ముట్టుకోకు."

"నాకు జీలకర్ర పెట్టుకోవడానికి డబ్బా లేకక్కా..."

"చంపుతాను."

పెట్టెలు కిందికి దించారు. టీచరు గడప దగ్గర ఆగింది.

"వెళ్ళొస్తానే."

"రానని రాసిచ్చి, సంతకం కూడా పెట్టించుకున్నావు," అంది ల్యాబ్ అమ్మాయి. కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళి రా అక్కా."

పద్నాలుగో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండూ పదికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో షాపు గది కాగితాల మీద ముద్ర వేశారు. కొన్నవారి వరుసలో రెండు పేర్లున్నాయి. మొదటిది ఆమెది.