కుడివైపు పతకం

హోటలు అద్దాల తలుపు ముప్పాతిక వంతు తెరుచుకున్నాక మొరాయిస్తుంది. అప్పుడు మోకాలితో ఒక్క తోపు తోయాలి. తోసీ తోసీ గుమ్మం కాసే మాజీ సిపాయి మోకాలు అరిగిపోయింది. లోపలికొచ్చేవాళ్ళకొక సెల్యూట్, బయటికి పోయేవాళ్ళకొక సెల్యూట్. అతని ముఖం చూసినవాడు లేడు. అందరి చూపూ కోటు మీది పతకం మీదే.

అది పెట్టుకోమన్నది మేనేజరు. "నీ యుద్ధం పెట్టెలో మూలుగుతుంటే ఎవరికి లాభం తాతా? గుమ్మంలో మెరవనీ" అన్నాడు. సిపాయి కాదనలేకపోయాడు. ఇంట్లో భార్య, ముసలామె మందులకు ఈ గుమ్మమే ఆధారం. కాకపోతే కుడి రొమ్మున పెట్టుకున్నాడు. కుడో ఎడమో మేనేజరుకు పట్టలేదు.

ఒక మధ్యాహ్నం కారు దిగిన ముసలి కర్నలుకు పట్టింది.

"ఎవరిదయ్యా ఇది? మీ అన్నదా?"

"నాదేనండి."

"గెలుచుకున్నవాడు ఎడమవైపు పెట్టుకుంటాడు. కుడివైపు పెట్టుకునేది చనిపోయినవాడి తాలూకు వాళ్ళు. ఆ మాత్రం తెలీదా?"

"తెలిసే పెట్టుకున్నానండి."

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అంటే ఎవరిదో తెచ్చి తగిలించావా తాతా? నా కొంప ముంచావు కదా!"

దొంగ అనిపించుకున్నాక ఇక దాచుకునేదేముంది? సిపాయి తలుపును వీపుతో ఆపి నిలబడ్డాడు.

"గట్టు మీద మెషిన్ గన్ను దగ్గర ఇద్దరమండి, నేనూ బక్కోడూ. మా హవల్దారుకు తొడలో తూటా దిగింది. 'దున్నపోతులా ఉన్నావు, నువ్వు మొయ్యరా, గన్ను సంగతి నేను చూస్తా' అన్నాడు బక్కోడు. ఆయన్ని మోసుకు దిగుతున్నంతసేపూ వెనకాల మోత వినబడుతూనే ఉంది. నేను కిందికి చేరాక ఆగిపోయింది. చూసినవాళ్ళకు నా వీపు మీది మనిషి కనబడ్డాడు. పతకం నాకిచ్చారు. గట్టు మీదే ఉండిపోయిన బక్కోడు ఎవరికీ కనబడలేదు. వాడికి తల్లా, పెళ్ళామా? కుడివైపు పెట్టుకోడానికి నేను తప్ప ఎవరున్నారండి?"

కర్నలు "అయినా ఇచ్చింది నీకు" అని గొణిగి, చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికి పోయాడు.

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య, నీదేగా! మరింకేం?" అంటూ తనే పిన్ను ఊడదీసి పతకాన్ని ఎడమవైపుకు మార్చాడు. "రేపట్నుంచి ఇక్కడే ఉండాలి. లేదంటే గుమ్మానికి వేరే మనిషిని చూసుకుంటా."

సాయంత్రం దాకా సిపాయి తలుపు తీస్తూనే ఉన్నాడు. ఒకావిడ వంగి పతకాన్ని చూసి, "ఎంతమందిని చంపారేంటి?" అని ముద్దుగా అడిగింది. అతను తలుపు ఇంకాస్త తెరిచాడు.

డ్యూటీ దిగే వేళకు పతకం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. కోటు విప్పి దులిపాడు.

"రేపు మనిషిని చూసుకోండి బాబూ."

"బొటనవేలంత జాగా కోసం కూడు వదులుకుంటావా తాతా?"

"మోకాలు కూడా సహకరించట్లేదులెండి."

ముసలామెకు ఏం చెప్పాలో వీధి చివరిదాకా నడిచినా తోచలేదు.

హోటల్లో పనివాళ్ళ గది తలుపు వెనక మేకుకు అతని కోటు వేలాడుతోంది. కుడి రొమ్మున పిన్ను చిల్లులు రెండూ సాగి వదులైపోయాయి. ఎడమవైపువి ఇంకా కొత్తవి, బిగుతుగా ఉన్నాయి.