అల్లుడి నెత్తురు

కాసిడీహ్‌లో మన తెలుగువాళ్ళ వీధిలో ఎవరైనా ఎర్రటి గ్లాసు చేతికిచ్చి "అల్లుడి నెత్తురు, తాగు" అంటే బెదిరిపోనక్కరలేదు. బీట్‌రూట్, బెల్లం, నిమ్మకాయ, పైన చిటికెడు ఉప్పు. గౌరీదేవి చెయ్యి పడితే ఇంకో గ్లాసు అడగాలనిపిస్తుంది.

పేర్లు పెట్టడంలో ఆ వీధికి జాలి లేదు. గౌరీదేవి భర్త సీతారామరావు ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఎప్పుడో ఆపరేషనప్పుడు ముక్కూ మొహం తెలియని ఇద్దరి రక్తం తనకెక్కిందని, ఏటా డిసెంబరులో ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో రక్తదాన శిబిరం పెడతాడు. బ్యానరు మీద ఎంత పెద్ద అక్షరాలు రాయించినా వీధికి అది నెత్తురు పండగే. పెద్దల్లుడికీ, రెండో అల్లుడికీ తాంబూలాలిచ్చింది ఆ పండగనాడే. పొద్దున్న రక్తమిచ్చి సాయంత్రం తాంబూలం అందుకోవడం తమ ఇంటి ఆనవాయితీ అని ఆయన చెప్పుకుంటాడు. వీధి దానికీ పేరు పెట్టింది: నెత్తుటి తాంబూలం.

ఈ ఏడు వంతు హరికిరణ్‌ది.

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఉంటాడు. సిగ్నల్ స్తంభాలెక్కే ఉద్యోగం. ఎత్తంటే భయం లేదు గానీ సూది కనిపిస్తే అరికాళ్ళు చల్లబడతాయి. అయినా సీతారామరావు మూడో కూతురు బిందుప్రియ కోసం పది రోజులు ఖర్జూరాలు తిని, రోజూ అద్దం ముందు చొక్కా చెయ్యి మడిచి చూసుకుని, ఇవాళ వచ్చి వరసలో నిలబడ్డాడు.

"ఏటి బాబూ, అలా సెమటలు పడతన్నాయి?" సీతారామరావు వీపు తట్టాడు.

"ఎండండి."

"డిసెంబర్లోనా?" అంటూ ఆయన నవ్వి, వచ్చినవాళ్ళను పలకరించడానికి వెళ్ళిపోయాడు.

"డర్ గయే క్యా?" పక్కనుంచి బిందుప్రియ మెల్లిగా అడిగింది.

"నాకేటి భయం?"

"తో మేరీ చున్నీ ఛోడో."

చూసుకుంటే ఆమె చున్నీ కొస అతని పిడికిట్లో ఉంది.

నర్సు వేలు గుచ్చి, ఒక చుక్కను నీలిరంగు నీళ్ళలో వదిలింది. చుక్క మునిగితే రక్తంలో బలమున్నట్టు, తేలితే చాలనట్టు. హరికిరణ్ చుక్క కాసేపు ఆలోచించి తేలింది. మిషన్లో పెట్టి చూసినా అదే మాట.

"ఖూన్ కమ్ హై. ఆజ్ నహీఁ హోగా" అని నర్సు కాగితం మీద అడ్డగీత పెట్టింది.

తప్పించుకున్నానన్న సంతోషం అతనికి మూడడుగుల దాకా నిలిచింది. నాలుగో అడుగులో బిందుప్రియ గుర్తొచ్చింది.

రక్తం తీసే చోటి తెర దాటేసరికి, ఇచ్చి వచ్చినవాళ్ళకిచ్చే ఎర్రటి గ్లాసును గౌరీదేవి చేతిలో పెట్టేసింది. సీతారామరావు ఎదురొచ్చి, అతని భుజం మీద చెయ్యేసి హాలు వైపు తిప్పాడు.

"మా మూడో అల్లుడు కూడా ఇచ్చీసినాడు!"

చప్పట్లు మోగాయి. చొక్కా చెయ్యి కిందికి దింపుకుంటే చాలు, ఎవరు చూడొచ్చారు? హరికిరణ్ గ్లాసు పెదాల దాకా తెచ్చాడు. బెల్లం వాసన కమ్మగా ఉంది. గ్లాసు దించేశాడు.

"ఇవ్వలేదండి. నా చుక్క తేలిపోయింది. రక్తం చాలదన్నారు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆఖరున కొట్టినాయన తన చేతులకేసి తానే చూసుకున్నాడు.

"మరి ఆనవాయితీ?" అన్నాడు సీతారామరావు. ఆ మాట హరికిరణ్‌తో కాదు, గ్లాసుతో అన్నట్టుంది.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర పెద్దల్లుడు పైడిబాబు పెన్ను కింద పెట్టాడు.

"మావయ్యా, ఆనవాయితీ అంటే ఈడు నా దారినే వత్తన్నాడు."

"నీ దారేటి?"

"నా తాంబూలాల ఏడు నానిచ్చింది నేదు. సూది సూడగానే పడిపోనాను. అత్తమ్మ పట్టుకొత్తన్న బీట్‌రూట్ రసమంతా నా తెల్లసొక్కా మీద పడింది. అల్లుడి నెత్తురోయ్ అని ఆకతాయిలు కేకలేసినారు. నువ్వేమో పరిగెట్టుకొచ్చి వాటేసుకున్నావు. ఇంకెలా సెప్పను?"

సీతారామరావు భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసునేటి?"

"హాల్లో అందరికీ తెలుసును" అంది గౌరీదేవి, గ్లాసులు తుడుస్తూనే. "మీరొక్కరే మురిసిపోతన్నారు. మురిసిపోనీ అని ఊరుకున్నాం."

"తరవాత ఇక్కడా ఆస్పత్రిలోనా కలిపి పదకొండుసార్లిచ్చినాను మావయ్యా" అని పైడిబాబు గొణిగాడు.

వెనక వరసలో భుజాలు ఊగుతున్నాయి. నవ్వు ఆపుకోలేక ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. సీతారామరావు వాళ్ళెవరినీ చూడలేదు. ఆయన చూపు తన మొహం మీదే ఆగేసరికి, స్తంభం మీద కాలు జారినట్టయింది హరికిరణ్‌కు.

"ఈడు తొమ్మిదేళ్ళు దాసినాడు. నువ్వు తొమ్మిది నిమిషాలు దాయనేకపోనావేటి?"

"దాద్దామనే అనుకున్నానండి. గొంతు దిగలేదు."

సీతారామరావు ముక్కులోంచి ఒక చప్పుడు చేశాడు. అది నవ్వో కోపమో హరికిరణ్‌కు బోధపడలేదు.

"రగతం పట్టాలంటే ములగాకు కూర తింతావా?"

ఆ వాసనే పడదు హరికిరణ్‌కు. బిందుప్రియకు ఆ సంగతి తెలుసు. ఆమె పైకప్పు వైపు చూస్తూ నిలబడింది.

"రోజూ తింటానండి."

"గౌరీ, పంతులుగారికి ఫోన్ సెయ్యి. ఐదుకల్లా వచ్చీమను" అన్నాడు సీతారామరావు.