లెక్క అడిగే పెట్టె

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటే దొరికినా విజయకుమారికి కుదురు లేదు. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, అందులో ఒక కంప్యూటర్ ఫ్లాపీ. వేడి తగిలితే ఫ్లాపీ చెడిపోతుందని ఎవరో చెప్పినప్పటి నుంచి దానికా డబ్బా యోగం పట్టింది. ఈమె అన్నం మాత్రం విస్తరాకులో కట్టుకుపోవాల్సి వస్తోంది. డబ్బాను ఈ తొడ మీది నుంచి ఆ తొడ మీదికి మార్చుకుంటూ, మాటిమాటికీ మూత తీసి చూసుకుంటూ పక్కనున్న ముసలమ్మకు అనుమానం తెప్పించింది. "ఏముండాదమ్మా అందులో, పాముపిల్లా?" అని ఆ ముసలమ్మ అడగనే అడిగింది.

సంగతేమిటంటే, ఆ ఏడాది, అంటే తొంభై ఆరులో, ఉదయగిరిలోని గొర్రెల కాపరుల సంఘానికి ఒక కంప్యూటర్ వచ్చింది. వచ్చింది గానీ దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. సంఘం కార్యదర్శి మాలకొండయ్య దానికి కుంకుమబొట్టు పెట్టి, దుప్పటి కప్పి, గదికి తాళం వేశాడు. ఆత్మకూరులో కంప్యూటర్ కోర్సు చదివి వచ్చిన కాపరి బిడ్డ ఒకతె ఉందని తెలిశాక విజయకుమారిని పిలిపించి తాత్కాలికంగా పనిలో పెట్టుకున్నారు. ఏ మంద ఏ ఊరిది, ఏ టీకా ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు వేయాలి, ఇవన్నీ చెప్పే ప్రోగ్రామ్ ఆమె తయారుచేయాలి. సోమవారం నెల్లూరు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు. నచ్చితే ఉద్యోగం ఉంటుంది. నచ్చకపోతే మిషన్ కలిగిరి సంఘానికి పోతుంది, విజయకుమారి ఇంటికి పోతుంది. ఇంటికి పోతే చేతికి మళ్లీ కర్ర వస్తుంది, మంద వెనక తిరగాలి. అది చిన్న పని అని ఆమె ఏనాడూ అనుకోలేదు. కానీ తనకంటూ దొరికిన మొదటి కుర్చీ ఇది. దాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాదు.

ప్రోగ్రామ్ సగం దాకా బాగానే నడుస్తుంది. మీట నొక్కితే నీలం తెర మీద మెనూ వస్తుంది. కొత్త మంద, టీకా చీటీ, బయటికి పోవడం, అన్నీ తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. టీకా చీటీ అని ఎంచుకుంటే కాపరి పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది, ఆ తర్వాత జీవాలెన్ని అని అడుగుతుంది. అక్కడే వచ్చింది చిక్కు. వీళ్ల కాపరుల్లో మందలో జీవాలెన్నో ఎవరూ నోటితో చెప్పరు. లెక్క పైకి చెబితే మంద తరిగిపోతుందని నమ్మకం. ఇన్నేళ్లూ మాలకొండయ్య పుస్తకంలో సంఖ్య రాయాల్సిన గడిలో 'మంద' అని రాసి చేతులు దులుపుకునేవాడు. కాగితం ఏం రాసినా మోస్తుంది. కంప్యూటర్‌కు అంత మంచితనం లేదు. ఆ గడి ఖాళీగా వదిలితే కీచుమని అరుస్తుంది, ముందుకు కదలనివ్వదు.

మొన్నొకరోజు ఆదెయ్య అనే కాపరి వస్తే, విజయకుమారి ఉజ్జాయింపుగా ఒక అంకె తానే కొట్టేసింది. ఆ అంకె చీటీ మీద అచ్చయి వచ్చింది. ఆదెయ్య ఆ చీటీని బయట ఎవరితోనో చదివించుకున్నాడు. అక్కడికక్కడే చించి పారేసి, టీకా మందు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. తొలకరి పడి లేత గడ్డి మేస్తే చిటుకు రోగం తగులుతుంది, జీవాలు నిలబడ్డచోటే కూలిపోతాయి. ఆదెయ్య మంద గుర్తొచ్చినప్పుడల్లా విజయకుమారికి ముద్ద దిగడం లేదు. పైగా ఈ కబురు నాలుగూళ్లకూ పాకింది. సంఘంలో లెక్క అడిగే పెట్టె ఉండాదంట, పోవద్దు అని చెప్పుకుంటున్నారట.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మేడమీద సామ్యేలు సార్ కంప్యూటర్ సెంటర్. ఆమెకు కోర్సు చెప్పింది ఆయనే, ఆ గడి దగ్గర కాపలా ఉండే ఫంక్షన్ రాసిచ్చిందీ ఆయనే. ఫంక్షన్ అంటే మరేం లేదు, మెనూ వెనకాల కూర్చుని చెప్పిన పని చేసే చిన్న పాలేరు లాంటిది. జీవాలెన్నో చెబితే మందు ఎంత కావాలో అది లెక్కగట్టి ఇస్తుంది.

"సార్, లెక్క అడిగేది తీసేయండి," అంది విజయకుమారి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే.

"ముందు కూర్చోమ్మాయ్."

ఆమె కూర్చోలేదు.

"అది తీసేస్తే మందు ఎంతియ్యాలో మిషనుకు ఎట్ల తెలస్తాది?" అన్నాడు సామ్యేలు. "నేను ప్రతి ఆదివారం గుడికొచ్చినోళ్లను లెక్కబెట్టి బోర్డు మీద రాస్తా. మా చర్చి సంఘంలో ఒక్కరు తగ్గలేదే."

"మీరు లెక్కబెట్టేది మనుషుల్ని సార్. చిటుకు మనుషులకు రాదు గదా."

సామ్యేలు నవ్వాడు. మంచివాడే, కాకపోతే లెక్క తేలని దేన్నీ ఒప్పుకోని మనిషి. "సరే, జీవాలెన్నని అడగొద్దు. దాని బదులు ఏం అడగాలో నువ్వు చెప్పు. ఇప్పుడే రాసిస్తా," అన్నాడు.

వారం రోజులుగా అడగకూడదన్న సంగతే ఆమె తలలో తిరుగుతోంది తప్ప, ఏం అడగాలన్నది ఒక్కసారైనా తట్టలేదు.

"తెలీదా? అయితే ఇటు రా. నా కుర్చీలో కూర్చో. గడిలో అడిగే మాట ఎట్ల మార్చాలో, మెనూకు ఫంక్షన్ ఎట్ల తగిలించాలో, మొత్తం నీ చేత్తో కొట్టు. రేపు నేను గుడి వదిలి రాను. సోమవారం నీ పక్కన ఉండను."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కొడుతుంటే తెర 'తప్పు' అని అరిచేది. ఎక్కడ తప్పో ఆయన చెప్పేవాడు కాదు, మళ్లీ చూడమనేవాడు. సాయమడిగితే పాఠం చెప్పే మనిషి మీద ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆమెకూ మండింది. దాహం వేసినా లేవకుండా, పంతం కొద్దీ కూర్చుని, ఎండ చల్లబడే వేళకు మెనూలో కొత్త వరుస చేర్చడం, దాని వెనక తన ఫంక్షన్ కట్టడం నేర్చుకుంది. కానీ తిరుగు బస్సెక్కి చూసుకుంటే చేతికి పని వచ్చింది గానీ అసలు ప్రశ్నకు జవాబు రాలేదు.

ఆదివారమంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి తండ్రి గోపాలయ్య దొడ్డి కంచె సరిచేసుకుంటుంటే పక్కన నిలబడి అడిగేసింది.

"నాయనా, నాకొక్కదానికి చెప్పగూడదా, మంద ఎంతో?"

గోపాలయ్య కంప కొట్టడం ఆపి ఆమె వైపు చూశాడు. తిట్టలేదు, కసరలేదు. "నువ్వు కూడా అడగతా ఉండావా అమ్మా," అని కత్తి తీసుకుని దొడ్డి అవతలి పక్కకు వెళ్లిపోయాడు. ఆ మాటకు ఆమె సిగ్గుతో చితికిపోయింది.

సోమవారం ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. మాలకొండయ్య తెప్పించిన సోడా పక్కన పెట్టి, "నాకు చూపించడం ఎందుకు? కాపరిని పిలవండి. నిజంగా పని జరుగుతుంటే చూస్తాను," అన్నాడు.

వసారాలో ఏడెనిమిది మంది ఉన్నారు. మాలకొండయ్య గుమ్మంలోకి వచ్చి పిలిస్తే ఒకరి వెనక ఒకరు నక్కారు. అందరి కంటే వెనక నిలబడ్డ గోపాలయ్య పక్కవాళ్లను తప్పించుకుని ముందుకు వచ్చాడు. కూతురు ముఖం చూసే వచ్చాడు.

"చిటుకు మందు మూడు బుడ్లు కావాలమ్మా," అన్నాడు, ఎప్పుడూ అడిగినట్టే.

విజయకుమారి మెనూలో టీకా చీటీ ఎంచుకుంది. పేరు కొట్టింది. ఊరు కొట్టింది. కర్సర్ వెళ్లి ఆ గడిలో కూర్చుంది. ఆమె ఖాళీగానే ఎంటర్ నొక్కింది. కీచుమంది. మళ్లీ నొక్కింది. మళ్లీ కీచుమంది.

"జీవాలెన్ని పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తనకు తోచిన అంకె కొడితే ఆదెయ్యకు జరిగిందే కన్నతండ్రికీ జరుగుతుంది. కొట్టకపోతే కుర్చీ పోతుంది. వసారాలో వాళ్లంతా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు. ఆమె వేళ్లు వణకడం గోపాలయ్య కంటబడింది. ఆయన తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"నూటా..." అన్నాడు.

విజయకుమారి చేయి పోయి స్విచ్ మీద పడింది. తెర చీకటైపోయింది.

"కరెంటు పోయింది సార్," అంది.

పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఆఫీసరు తలెత్తి ఫ్యాను వంక చూశాడు. మాలకొండయ్యా చూశాడు, భూమి బద్దలైతే అందులోకి పోదామన్నట్టు నిలబడ్డాడు. ఆఫీసరు చూపు నెమ్మదిగా ఆమె మీదికి దిగింది.

"పోలేదు సార్. నేనే ఆపినాను," అంది ఆమె. "తప్పు మా నాయనది గాదు. నేను రాసిన ప్రోగ్రాముది. అడగగూడనిది అడగతా ఉండాది. మా నాయన వస్తానే చెప్పినాడు గదా సార్, మూడు బుడ్లని..."

అక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లూ ప్రతి కాపరీ ఆ గుమ్మంలో నిలబడి అడిగిన మాటే అది. బుడ్లు ఎన్ని కావాలో చెప్పనివాడు ఒక్కడు లేడు. ఆమె చెవిన పడుతూనే ఉంది, ఆమె కూడా ఎన్నోసార్లు ఆ మాటే అడిగిన ఇంటి పిల్లే. కుర్చీలో కూర్చున్నాక మాత్రం అది వినబడటం మానేసింది.

"బుడ్లే అడగాల సార్," అంది ఈసారి నింపాదిగా. "ఒక బుడ్డి నలభై జీవాలకు వస్తాది. మీరు పైకి పంపే లెక్క కావాలంటే మిషను లోపల్లోపలే కట్టుకుంటాది. చీటీ మీద ఉండదు. ఎవురి నోటా రాదు."

"దీన్ని మార్చాలంటే ఎవరిని పిలిపించాలి?" అన్నాడు ఆఫీసరు.

"ఎవురినీ వద్దు సార్. మీరు అన్నం తిని రాండి."

వాళ్లు వెళ్లాక తలుపు దగ్గరగా వేసి, మిషన్ మళ్లీ ఆన్ చేసి కూర్చుంది. మొదటిసారి తప్పు కొట్టింది, తెర అరిచింది. రెండోసారీ అరిచింది. ఆత్మకూరుకు ఫోన్ చేద్దామని లేచి, గుమ్మం దాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చుంది. మొదటి వరుస నుంచీ ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకుంటూ దిగింది. ఒక చోట ఫంక్షన్‌కు తాను పెట్టిన పేరు ఒకటి, మెనూలో దాన్ని పిలిచిన పేరు ఇంకొకటి. దిద్ది నడిపించింది. బుడ్లు ఎన్ని అని అడిగి ఆగింది తెర. ఆమె కొట్టిన అంకెను మారుమాట లేకుండా తీసుకుంది.

ఆఫీసరు తిరిగొచ్చి గోపాలయ్య చీటీ అచ్చవడం చూశాడు. ఆ వెనక నాగులమ్మ అనే కాపరికి చీటీ వచ్చింది. ఆ తర్వాత పిలవకుండానే ఒక్కొక్కరూ వసారాలోంచి లోపలికి వచ్చారు. ఆఫీసరు లేచి చొక్కా సవరించుకుంటూ, "మిషన్ ఇక్కడే ఉండనీండి మాలకొండయ్య గారూ. ఈ అమ్మాయిని కూడా," అని జీపెక్కాడు.

జీపు కదిలిందో లేదో, విజయకుమారి బయటికి పరుగెత్తింది. గోపాలయ్య గోడ నీడన చతికిలబడి, మందు వేడెక్కకుండా మూడు బుడ్లనూ ఐసుముక్కలతో కలిపి తడి తువ్వాల్లో చుట్టుకుంటున్నాడు.

"నాయనా, నిజంగా చెప్పేసేవాడివా?"

"చెప్పేవాణ్ణే."

"నీ మందకు ఏమన్నా అయితే?"

"అయితే అవతాది. రెండు గొర్రెపిల్లలు చాలు, మందను మళ్లీ చేసుకుంటా." తువ్వాలు ముడి బిగించి లేచాడు. "ఆ పెట్టె ముందర నీ చేతులు అట్లా వణకతా ఉంటే చూస్తా నిలబడేది నాకు చేతగాలేదమ్మా."

విజయకుమారికి దుఃఖం ఆగలేదు. సంఘం గుమ్మం ముందు, అంతమందిలో, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఊరుకో. లోపల మనోళ్లు నీ కోసం నిలబడుకోనుండారు," అన్నాడు గోపాలయ్య. "నేను పోవాల. ఐసు కరిగిపోతా ఉండాది."