సామాన్యుల సీటు

వాన చప్పుడు వినబడింది గానీ వాసన రాలేదు. మల్లీశ్వరికి అది తట్టుకోలేని సంగతైంది. జూన్‌లో పడాల్సిన వాన, జూలై ఇరవై దాటినా జాడలేని వాన, ఊరంతా గింజలు ఒలిచిపెట్టుకుని ఎదురుచూసిన వాన. అది మంగళవారం సాయంత్రం నాలుగింటికి నభోరథ్ కంపెనీ రేకుల కప్పు మీద దడదడ పడుతుంటే, ఆమె లోపల అద్దాల గదిలో నీలం రంగు కంపెనీ బట్టలు తొడుక్కుని, నాడి కొలిచే పట్టీ చేతికి కట్టించుకుని కూర్చుంది. లేచి కిటికీ దగ్గరకు పోయింది. దానికి గొళ్లెం లేదు. తెరుచుకునే కిటికీ కాదది.

"ఎంత పడింటుంది హేమావతీ?" అని నర్సును అడిగింది.

హేమావతిది నల్లమాడ, మెట్టసేద్యం చేసే ఇంటి పిల్ల. మాస్కు వెనకనుంచి, "పదును వానే అక్కా, విత్తుకోవచ్చు. జానెడు లోతు దిగుతుంది," అంది.

మల్లీశ్వరి మళ్లీ కూర్చుంది. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఎగిరి గంతేసేది.

నభోరథ్ బెంగళూరు కంపెనీ. టికెట్టు కొన్నవాళ్లను ఒక పెద్ద బెలూను కింద వేలాడే గుండ్రటి గదిలో కూర్చోబెట్టి, ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు తీసుకుపోయి, భూమి వంపునూ పట్టపగలే నల్లగా ఉండే ఆకాశాన్నీ చూపించి, మధ్యాహ్నంలోగా కిందికి దించుతుంది. దించడానికి చెట్టూ చేమా లేని నేల కావాలి. ఎగరడానికి మబ్బులేని ఆకాశం కావాలి. బెళుగుప్ప పక్కన దొడ్డిగానిపల్లిలో ఈ రెండింటికీ ఏనాడూ కరువు లేదు. మీ చేలల్లో దిగనివ్వండి, ప్రతి ప్రయాణంలోనూ ఎనిమిది సీట్లలో ఒకటి మీ ఊరి సామాన్యులకే అని కంపెనీవాళ్లు గ్రామసభలో మాటిచ్చారు. చీటీలు వేశారు. మగవాళ్లంతా ఎగతాళికి వేశారు. మల్లీశ్వరి మాత్రం ఎగతాళికి వేయలేదు. చీటీ ఆమెకే వచ్చింది.

ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. పడమటి సముద్రం మీదనుంచి మబ్బులు వచ్చి, కొండలకు గుద్దుకుని, అవతలి పక్కే కుమ్మరించి, ఇవతలికి ఒట్టిచేతులతో వస్తాయి. ఇవతలి పక్కన 'వర్షచ్ఛాయ ప్రాంతం' అని రాసి ఉండేది. మనం అందులోనే ఉన్నామని అయ్యవారు చెబితే, నీడలో ఉంటే చల్లగా ఉండాలి కదా సార్ అని అడిగి మొట్టికాయ తినింది. నలభై ఏళ్లు వచ్చినా ఆ బొమ్మ ఆమెను వదల్లేదు. మబ్బు సరిగ్గా ఎక్కడ ఆగిపోతుందో ఒక్కసారి పైనుంచి కళ్లారా చూడాలి. ఆమెకు భూమి వంపు అక్కర్లేదు, నల్లటి ఆకాశమూ అక్కర్లేదు.

రెండేళ్లలో ఆరుసార్లు తేదీ ఇచ్చారు. ఆరుసార్లూ ఆమె వచ్చి, ఈ గదిలో మూడేసి రోజులు ఎవరి దగ్గూ తుమ్మూ తగలకుండా కూర్చుంది. ఆరుసార్లూ గాలి ఎక్కువగా ఉందని ఇంటికి పంపేశారు. బెలూను లేవాలంటే తెల్లవారుజామున నేలమీద జెండా గుడ్డ కూడా కదలకూడదట. ఊళ్లో విత్తనం పనుల వంతులు చూసే ఓబుళేసు దీని మీద తీరిగ్గా నవ్వేవాడు. "గాలిమరలోళ్లు ఈడ గాలి ఉండాదని వచ్చినారు. వీళ్లు గాలి లేదని వచ్చినారు. ఇద్దరిలో ఎవురో ఒకరు మన నేల చూడకుండా వచ్చినారప్పా."

వాన తెరిపివ్వగానే మల్లీశ్వరి ఓబుళేసుకు ఫోను చేసింది.

"ఏమ్మే, పైనుంచి మాట్లాడతాండావా, కిందనుంచేనా?" అన్నాడు.

"కిందనుంచే మామా. పదును ఎట్లుండాది?"

"బాగుండాది. రేపు మధ్యాన్నం విత్తనం గొర్రు కడతాం. మన ఇసక నేలకు శుక్రారం దాకా ఉంటుంది. శనారానికి పైన పొడి, కింద పెళ్ల."

"నా వంతు ఎప్పుడు?"

"గొర్రు ఒకటే, చేన్లు యాభై ఎకరాలు. నీకు శుక్రారం పొద్దున. అంతకు మించి ఆపలేనమ్మే."

"చాలు మామా. బేస్తారం పొద్దున ఎగిరి మధ్యాన్నానికి దిగుతా. రాత్రికి ఇంటికాడుంటా."

"అంతరిక్షంలోనుంచి నేరుగా గొర్రు పలక మీదికా. బాగుండాది."

"అంతరిక్షం కాదంట, దాని అంచంట."

"మనకు ఎప్పుడూ అంచే దొరుకుతుంది లే," అని పెట్టేశాడు.

శుక్రవారం ఆమె ఉండి తీరాలి. దొడ్డిగానిపల్లిలో ట్రాక్టరు వెనక ఎనిమిది గొట్టాల గొర్రు కడతారు. దానిమీది అడ్డపలక మీద నలుగురు కూర్చుని, ఒక్కొక్కరు రెండు గొట్టాల్లోకి వేరుశనగ గింజలు వేళ్లసందుల్లోంచి జారవిడవాలి. ముగ్గురు బదులుకు వస్తారు. ఈరోజు నీ చేన్లో నేను, రేపు నా చేన్లో నువ్వు. నాలుగో మనిషి మాత్రం ఆ చేనుగలవాళ్లే అయి ఉండాలి. చేనుగలవాళ్లు పలకెక్కకపోతే గొర్రు దిగదు. వెనకటికెవరో గింజ మొలవలేదని బదులుకు వచ్చినవాళ్ల చేతిమీద నింద వేసి, రెండు కుటుంబాలు పదేళ్లు మాటల్లేకుండా పోయాక పెట్టుకున్న కట్టుబాటు అది. మల్లీశ్వరి మొగుడు తిప్పేష్ గొర్రెల మందతో తుంగభద్ర కాలువ పక్కకు వలసపోయి ఉన్నాడు. పలకెక్కడానికి ఇంట్లో ఆమె తప్ప దిక్కులేదు.

గురువారం నాలుగున్నరకు ఎనిమిది మందినీ గుండ్రటి గదిలో కూర్చోబెట్టి బెల్టులు బిగించారు. పక్కసీట్లో బెంగళూరు డాక్టరమ్మ కాసేపు ఫోటోలు తీసుకుని నిద్రపోయింది. మల్లీశ్వరి పడమటి కిటికీ వైపు మెడ తిప్పుకుని కూర్చుంది. ఐదైంది. ఆరైంది. బయట జెండా గుడ్డ పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఏడింటికి తలుపు తీశారు.

రాఘవేంద్ర వచ్చాడు. కంపెనీకీ ఊరికీ మధ్య మాటలు మోసే ఉద్యోగం అతనిది. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగినవాడు, మర్యాదస్తుడే గానీ మట్టి పిసికి చూసే అవసరం ఏనాడూ పడనివాడు.

"ఈ పొద్దు కాదక్కా. రేపు పొద్దున ఇదే టైముకు."

"రేపు పొద్దున నాకు గొర్రు ఉండాదప్పా."

"శనివారం వేసుకోరాదా?"

"శనారానికి పదును ఉండదు."

"మళ్లీ వాన పడుతుంది కదక్కా."

మల్లీశ్వరి అతని మొహంలోకి చూసింది. "యాభై రోజులకు ఒకటి పడింది. నువ్వేమో ఇంకో బస్సొస్తుంది అన్నట్టు చెప్తాండావే."

రాఘవేంద్ర తల గోక్కున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ఈ నెలాఖరు వరకేనని, మిగతా ఏడుగురూ టికెట్టు కొన్నవాళ్లని, ఒకరి కోసం ఆపితే ఒప్పుకోరని చెప్పాడు.

"మీ గాలి కోసం నేను ఆరుసార్లు ఆగినా. నా వాన కోసం మీరు ఒక్కపూట ఆగలేరు, అంతేనా?"

అతను బయటి జెండా గుడ్డ వైపు చూశాడు.

"సరే, ఆగద్దు. బదులు ఇయ్యండి."

"బదులంటే?"

"మీ పనికి ఆరుసార్లు వచ్చినా. ఇది ఏడు. నా పనికి మీరు ఒక్కపొద్దు రాలేదు. రేపు మీ మనిషినొకర్ని నా పలక మీద కూర్చోబెట్టండి, నేను మీ గదిలో కూర్చుంటా. గది దిగితే ఎత్తడానికని పద్దెనిమిది మందిని పెట్టుకున్నారు కదా, వాళ్లు పొద్దస్తమానం షెడ్డులో పేకాడతాండారు."

కట్టుబాటు మాటేమిటని ఓబుళేసుకు ఫోను కలిపితే, ఆయన కాసేపు ఆలోచించి, "కంపెనీ మనిషయితే సరే. గింజ మొలవకపోతే నువ్వు మా మీద పడవు, వాళ్ల మీద పడతావు. మాకేం నొప్పి," అన్నాడు.

ఊరు ఒప్పుకుంది. ఇక ఒప్పుకోవాల్సింది బెంగళూరు. రాఘవేంద్ర అక్కడే నిలబడి మెయిలు రాశాడు. బదులు పనికి కంపెనీ భాషలో మాట దొరక్క రెండుసార్లు కొట్టేసి, చివరికి 'స్థానిక సహకారం' అని పెట్టాడు. ఎనిమిదైంది, పదైంది. ఊళ్లో గొర్రు ఒక చేనునుంచి ఇంకో చేనుకు మారుతూ ఉంటుంది. మళ్లీ అద్దాల గదిలో కూర్చోబెట్టిన మల్లీశ్వరి పన్నెండింటికి అన్నం ముట్టలేదు. ఎండ కిటికీ అద్దం మీద పేలాలు వేయించినట్టు కాస్తోంది. ఈ ఎండ తన చేను మీదా కాస్తోంది, ఒక్కొక్క పూటా ఒక్కొక్క వేలు మందం తడి తాగేస్తోంది. ఆ లెక్క ఆమెకు కూర్చున్నచోటే తెలుస్తోంది.

మూడింటికి జవాబొచ్చింది. సిబ్బందికి ఉన్న బీమా వ్యవసాయ పనులకు వర్తించదు. విషయాన్ని న్యాయవిభాగానికి పంపాము. మూడు పనిదినాల్లో తెలియజేస్తాము.

"మూడు దినాలు," అంది మల్లీశ్వరి. "నా పదును మొత్తం అంతే కదప్పా."

చేతి పట్టీ విప్పి మంచం మీద పెట్టింది. తన చీర ఎక్కడుందని హేమావతిని అడిగింది. హేమావతి తెచ్చిచ్చింది గానీ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అక్కా, ఈ గడప దాటితే ఈసారికి సీటు పోతుంది. వెయిటింగులో ఉన్నాయన అప్పుడే బట్టలు కొలతకు వేసుకుని చూసుకుంటాండాడు."

"తెలుసు పాపా."

"రెండేండ్లు కాచుకున్నావు."

"వానకు ఇంకా ఎక్కువే కాచుకున్నా."

హేమావతి పక్కకు జరిగి, "ఆపడం నా డ్యూటీ. ఆపినానని రాసుకుంటా," అంది.

బయట గాలి మొహానికి కొట్టింది. మట్టివాసన ఎప్పుడో పోయింది. మల్లీశ్వరి ఊరిదాకా మూడు మైళ్లు నడుస్తూ దారిపొడుగునా తిట్టుకుంది. కంపెనీని తిట్టింది, బెంగళూరును తిట్టింది, గొర్రెలు తోలుకుని పోయిన తిప్పేష్‌ను తిట్టింది, చీటీ వేసిన తన చేతిని తిట్టింది. వానను మాత్రం తిట్టలేకపోయింది. తిట్టడానికి నోటిదాకా వచ్చింది, మింగేసింది.

శుక్రవారం తెల్లవారకముందే చేన్లో ఉంది. పిడికెడు మట్టి తీసి పిసికింది. ముద్ద నిలిచింది గానీ అంచులు రాలాయి. ఇంకో రెండు మూడు గంటలు, అంతే. ఎర్రిస్వామి ట్రాక్టరు తెచ్చాడు. పలక మీద ఓబుళేసు, అంగన్‌వాడీలో పనిచేసే రూతు, ఆమె పక్కన బయ్యన్న, చివర మల్లీశ్వరి. మందు పట్టించిన గింజలు వేళ్లకు ఎర్రగా అంటుకుంటున్నాయి.

"ఏమక్కా, ఈ గాడీ ఎంత ఎత్తుకు లేస్తుంది?" అంది రూతు.

"గుంతలో పడి లేస్తే జానెడు," అన్నాడు బయ్యన్న.

మల్లీశ్వరి నవ్వలేదు. సాలు చివర ట్రాక్టరు మలుపు తిరిగినప్పుడల్లా ఆమె చూపు కంపెనీ షెడ్డు వైపు పోతోంది. తెల్లటిది ఏదైనా పైకి లేస్తే చూడకూడదు అనుకుంటూనే చూస్తోంది. ఏదీ లేవలేదు.

రెండున్నర ఎకరాలు అయ్యేసరికి రూతు దిగింది. తొమ్మిదింటికి పిల్లలొచ్చేస్తారు, తన బదులు అయిపోయింది. పలక మీద ఒక చోటు ఖాళీ అయ్యింది. ఇంకో మనిషి కోసం ఓబుళేసు పక్క చేన్ల వైపు చూస్తుండగా, గట్టు మీద జీపు ఆగింది. రాఘవేంద్ర నవ్వుమొహంతో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎగరలేదక్కా! గాలి తగ్గలేదు. నెలాఖరుదాకా తగ్గదంట, ఇంక ఈ సీజనుకు రద్దు. డిసెంబరులో కొత్త అనుమతి. కొత్త ప్రయాణం కాబట్టి నీ సీటు నీదే. అదృష్టం చూడు."

మల్లీశ్వరి గింజల బుట్ట ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. సంతోషపడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె విత్తిన సాళ్ల వైపు చూసింది. అక్కడే ఉండి ఉంటే ఈపాటికి మళ్లీ బెల్టు విప్పి, ఇంటికి పొమ్మని ఉంటారు. చేను బీడు పడేది. ఆ సంగతి ఇతనికి తట్టనే లేదు. సీటు పోలేదని మాత్రమే తట్టింది.

"ఎవురి అదృష్టమప్పా?" అంది. "నేను నీ మాట విని కూర్చునింటే రెండూ పోయిండేవి. అప్పుడూ వచ్చి డిసెంబరు అనే చెప్పిండేవాడివి."

అతని నవ్వు ఆగిపోయింది. "పైవాళ్లకు నీ కష్టం చెప్తానక్కా. గట్టిగా రాస్తా."

"రాయద్దు. ఈ పొద్దు నీకేం పని ఉండాది?"

"రద్దయింది కదా. ఏం లేదు."

"బూట్లిప్పు."

ఓబుళేసు జరిగి చోటిచ్చాడు. రాఘవేంద్ర జీపు వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి చూసి, బూట్లు విప్పి గట్టు మీద పెట్టి పలకెక్కాడు. మొదటి సాలులో సగం గింజలు గొట్టం బయటే పోశాడు. ఓబుళేసు అతని చేతిమీద చిన్నగా కొట్టి, "కోళ్లకు చల్లినట్టు కాదు స్వామీ. ఇట్లా, వేళ్లలోనుంచి," అని చూపించాడు. రెండో సాలుకు కొంత కుదిరింది. ట్రాక్టరు వెనక దుమ్ము లేవడం మొదలైంది. పైమట్టి ఆరిపోతోంది.

మూడో సాలు మధ్యలో, చేతులు ఆపకుండానే మల్లీశ్వరి అడిగింది.

"నిజం చెప్పు. ఆ ఎత్తునుంచి చూస్తే, పడమటి కొండల కాడ మబ్బు ఆగిపోయేది కనపడుతుందా?"

రాఘవేంద్ర ఆలోచించాడు. "కనపడుతుందక్కా. ఆరు వందల కిలోమీటర్లు కనపడుతుంది. ఆడ మబ్బుండి, ఈడ లేకుంటే, గీత గీసినట్టు కనపడుతుంది."

"ఈడ కూడా ఉంటే?"

"ఉంటే ఎగరం కదా."

ఆమె పడమటి వైపు చూసింది. వేసిన గింజ బతకాలంటే ఇరవై రోజుల్లో ఇంకో వాన కావాలి. ఆకాశం అంచున బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది, వస్తుందో రాదో చెప్పలేనంత దూరంలో. చేను ఇంకా ఎకరం మిగిలింది.

"నీ గొట్టం మూసుకపోయింది," అంది రాఘవేంద్రతో. "మూడు బారలనుంచి గింజ పడలేదు. ఎర్రిస్వామీ, ఆపప్పా. వెనక్కి పోవాల."