ఉప్పు యాడుండాది

పొయ్యి మీద నూనె కాగి ఆవాలు చిటపటమన్నాయి. చాంద్ బేగం ఉల్లిపాయ ముక్కలూ పచ్చిమిరపకాయలూ వేసి, గరిటెతో రెండుసార్లు తిప్పి, చూడకుండానే భుజం ఎత్తున ఉన్న అరలోకి చెయ్యి పెట్టింది. చేతికి అగ్గిపెట్టెలు తగిలాయి. వాటి వెనక కొవ్వొత్తుల కట్ట. ఉప్పు లేదు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి రెండు నెలలైంది. రెండు నెలలుగా ప్రతి ఉదయమూ ఆ చెయ్యి అక్కడికే పోతోంది.

“ఉప్పు యాడుండాది అమ్మీ?”

పెద్దకూతురు ఫిరోజా అప్పుడే ముఖం కడుక్కుని వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. తల్లి పక్కనుంచి వంగి, పొయ్యి బండ కిందున్న అరలోంచి ఉప్పు డబ్బా తీసి, మూత కూడా తీసి, చేతికి అందేట్టు పెట్టింది. ఆ మూత తియ్యడంలో ఉన్న మర్యాద చాంద్ బేగానికి నచ్చలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి అట్లా తీసి ఇస్తారు.

మైదుకూరులో ఆ ఇంటి వంటగది ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. గోడకు మూడు వరసల నల్లబండ అరలు. పెళ్ళైన కొత్తలో అవన్నీ ఆమే సర్దుకుంది. రోజూ వాడేవి భుజం ఎత్తున, అప్పుడప్పుడు వాడేవి కింద. ఐదేళ్ళ కిందట ఆమె విమానం ఎక్కేనాటికి ఫిరోజాకు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకు పై అర అందలేదు. అందుకని ఉప్పు దిగింది, పసుపు దిగింది, పప్పుల డబ్బాలు దిగాయి. ఇల్లంతా తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తుకు దిగిపోయింది. ఇప్పుడు ఫిరోజా తల్లంత పొడుగైంది కానీ డబ్బాలు మళ్ళీ పైకి ఎక్కలేదు. అన్నిటికన్నా కింద, నేలకు జానెడు ఎత్తున, కంచాలూ గ్లాసులూ ఉన్నాయి. అవి చిన్నది గౌసియా కోసం. అన్నాల వేళకు కంచాలు పెట్టడం ఆ పిల్ల పని.

తలుపు వెనక క్యాలెండర్. కొళాయి వచ్చే రోజుల చుట్టూ నీలం సున్నాలు. గ్యాసు ఎప్పుడు మార్చిందీ, ఏ రోజు ఏ పప్పు నానెయ్యాలో, ఏ వారం కారప్పొడి కొట్టించాలో, అన్నీ చిన్నచిన్న అక్షరాల్లో ఫిరోజా రాసిపెట్టుకుంది. వచ్చిన మొదటి వారం చాంద్ బేగం ఆ వంటగదిలో తప్పు కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. దొరికి ఉంటే సంతోషించేదేమో.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, నడుం దగ్గర కాస్త లావెక్కింది. కుడి మణికట్టు మీద ఓవెన్ తలుపు తగిలి కాలిన గీత నల్లగా ఉంటుంది. నేల తుడిచే మందు నీళ్ళకు గోళ్ళ చుట్టూ చర్మం తెల్లబడి పొక్కింది. కూర్చుని లేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. కర్నూలు పక్క కల్లూరులో పుట్టి, ఇరవై ఒకటో ఏట ఈ ఊరి కోడలైంది. మొగుడు మీరా హుస్సేన్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చెయ్యి మంచిదని పేరు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పేరుతో పని లేకపోయింది. రెండేళ్ళని చెప్పి ఆమె కువైట్ పోయింది. రెండు ఐదయ్యాయి.

అక్కడ ఆమె వంట చేసే ఇంట్లో తొమ్మిదిమంది. ఎవరికి మాంసం మెత్తగా ఉడకాలో, ఎవరు టమాటా ముక్క ఏరి పక్కన పెడతారో, ఏ పిల్ల పాలల్లో మీగడ కనబడితే ఏడుస్తుందో ఆమెకు తెలుసు. కళ్ళకు గంతలు కట్టినా ఆ వంటింట్లో ఏలకులు తీసి ఇవ్వగలదు.

బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, బాణలిలో వేసి కలిపింది. ఉగ్గాని ఘుమఘుమలాడింది. ఫిరోజా చిటికెడు నోట్లో వేసుకుని, “బాగుండాది మా” అంది. తల్లి అటు తిరగగానే పుట్నాల పొడి ఇంకో చెంచా, కారం అర చెంచా కలిపింది. చాంద్ బేగం చూసింది, చూడనట్టు ఊరుకుంది. వచ్చిన రోజు ఆమె ఎంతో ఆశగా కోడికూర చేస్తే గౌసియా ఒక్క ముద్ద తిని, “అక్కా, దీంట్లో కారం మర్చిపోయినారు” అని ఫిరోజాతో చెప్పింది. తల్లితో కాదు.

గౌసియా లేచింది. ఏడేళ్ళది. తల్లి పోయేనాటికి రెండేళ్ళు. నిద్రమొహంతో వచ్చి అక్క ముందు కూలబడి జడ కోసం తల వంచింది. తర్వాత తల్లి వైపు తిరిగి, “అమ్మా, నీళ్ళు తీసుకోవచ్చా?” అని అడిగింది.

“నీ ఇంట్లో నీళ్ళకు నన్నడిగేదేంది తల్లీ” అని చాంద్ బేగం నవ్వబోయింది.

మీరా హుస్సేన్ వాకిట్లో మోపెడ్ మీద రెండు దిండ్లు కడుతున్నాడు. గుమ్మంలోంచి తొంగిచూసి, “మూడింటికి మీ అమ్మను తీసకపోయే బండి వస్తాది. ఈ పొద్దు బడికి పోవద్దులే మీరు” అన్నాడు.

ఫిరోజా జడ అల్లుతూనే, “రెండింటికి లెక్కల పరీచ్చ ఉండాది నాయనా” అంది. “మద్యాన్నం బెల్లుకు ఇద్దరం వస్తాము.” తల్లి వైపు చూసింది. “నువ్వేం పన్లు పెట్టుకోవద్దు మా. రాత్రికి పప్పు తీసిపెట్టినా. నువ్వు కూకో.”

నువ్వు కూకో. కువైట్‌లో ఐదేళ్ళు ఆ ఒక్క మాట ఎవరైనా అంటే బాగుండునని ఎన్నిసార్లో అనుకుంది. ఇక్కడ రోజుకు పదిసార్లు విన్నది. విన్నప్పుడల్లా ఎవరో భుజాలు పట్టుకుని మెత్తగా పక్కకు జరిపినట్టే ఉండేది.

పిల్లలు పోయారు. మొగుడు పోయాడు. పెట్టె రాత్రే సర్దేసింది. చాంద్ బేగం కాసేపు కూర్చుంది. కూర్చోవడం చేత కాలేదు. పై అర ఎవరూ ముట్టుకోని అర గదా, అదైనా లోపలి మూలల దాకా తుడిచి పోదామని స్టూలెక్కింది. అగ్గిపెట్టెలు తీసింది, కొవ్వొత్తులు తీసింది, రంజాన్‌కు మాత్రమే దించే పెద్ద గిన్నె తీసింది. గిన్నె వెనక పరుపు గుడ్డతో కుట్టిన చారల సంచి ఒకటి ఉంది. మూతికి దారం. విప్పింది.

లోపల సగం వాడిన ప్యాడ్ల ప్యాకెట్టు. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. పాత క్యాలెండర్‌లోంచి చింపిన ఆకులు. నెలకు ఒక తేదీ చుట్టూ పెన్సిలు గీత. మొదటి గీత పోయిన ఏడాది జూలైలో.

స్టూలు మీద అట్లాగే నిలబడింది. జూలై. ప్రతి శుక్రవారం వీడియోలో మాట్లాడేది. ఆ నెల శుక్రవారాలన్నీ గుర్తు చేసుకోబోయింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం వండినావమ్మీ అని తను అడగడం, బాగుండామని ఆ పిల్ల చెప్పడం. ఆ నాలుగింట్లో ఏదో ఒక శుక్రవారం ఆ పిల్ల మొహంలో ఏదో ఉండే ఉంటుంది. తను పట్టుకోలేదు.

పదకొండుకు మీరా హుస్సేన్ వచ్చాడు. భార్య చేతిలో సంచి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ సంచి కుట్టింది అతనే.

“పెద్దమనిషైంది” అంది చాంద్ బేగం. “ఏడాది దాటింది. నాకెవురూ చెప్పల్యా.”

“పక్కింటి కృష్ణవేణమ్మ అన్నీ చూసింది. నువ్వులుంటలు చేసి పెట్టింది. పదకొండు దినాలు వాళ్ళింట్లోనే అన్నం.” అతను తల దించుకున్నాడు. “నీకు చెప్తామనే అన్యా. పిల్లనే వద్దనింది. అమ్మ ఏడుస్తాది, ఏడిస్తే ఆడ పనిలో కోప్పడతారు అనింది.”

చాంద్ బేగం ఏడవలేదు. సంచి మూతి దారం బిగించి, “నేను పోకుంటే?” అంది.

రెండు నెలలుగా ఆమె ఇంకెవరైనా అంటారని ఎదురుచూసిన మాట అది. అతను తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో దూది పీచు అంటుకుని ఉంది.

“వారానికి ఒక పరుపు కుడతాండా. నువ్వే చూసినావు గదా. ఉండమని చెప్పే మొగం యాడుండాది నాకు?”

ఆమె సంచిని మళ్ళీ గిన్నె వెనక పెట్టేసింది.

నువ్వులు కావాలి. ఈసారి ఆమె చెయ్యి ఎక్కడికీ పోనివ్వలేదు. డబ్బాల మీద ఫిరోజా అంటించిన కాగితం ముక్కలు ఒక్కొక్కటీ చదివింది. మధ్య వరసలో మూడో డబ్బా. నువ్వులు సన్నసెగ మీద వేయించింది. పెరట్లో గోనెపట్ట కప్పిన రోలు కడిగి, నువ్వులూ బెల్లమూ వేసి దంచింది. మోకాళ్ళు పట్టేశాయి. నూనె ఊరి రోకలికి అంటుకునేదాకా ఆపలేదు. అరచేతిలో గట్టిగా నొక్కి ఉంటలు చుట్టి, కువైట్ నుంచి బిస్కెట్లు తెచ్చిన రేకు డబ్బాలో పేర్చింది.

ఒంటిగంటకు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ముప్పావుగంటలో తిరిగి పోవాలి. చాంద్ బేగం ఒక ఉంట ఫిరోజా చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని చూసింది. పై అర వైపు చూసింది. మొహం ఎర్రబడింది. నిలబడే మెల్లగా తిన్నది.

“తీపి శానా అయిందా?”

“లేదు మా. సరిపోయింది.”

గౌసియా అక్కను అడిగి ఒకటి తీసుకుని వాకిట్లోకి పోయింది. వంటగదిలో ఇద్దరే మిగిలారు. ఫిరోజా వేలికి అంటిన బెల్లం నాకుతూ, గోడకేసి చూస్తూ అడిగింది.

“మొదటి దినం కడుపునొప్పి శానా వస్తాది మా. అందరికీ అట్లనే వస్తాదా?”

“నాకూ వచ్చేది. ఏం చేస్తాండావు అప్పుడు?”

“ఏం లేదు. పండుకుంటే వంట కాదు గదా. లేసి చేస్తా.”

చాంద్ బేగం కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. ఆ పిల్ల ఒళ్ళు ముందు బిగుసుకుంది, తర్వాత వదులైంది. తలనూనె వాసన, బడి దుమ్ము వాసన. “వాము ఏంచి నీళ్ళల్లో మరగబెట్టు. అంత బెల్లం ఏసుకుని ఉడుకుడుగ్గా తాగు. తాగి పండుకో. వంట నువ్వు చేయొద్దు.” గట్టిగా పిలిచింది. “ఏమయ్యా, ఇట్ల రా.”

మీరా హుస్సేన్ వచ్చాడు.

“నెలకు రెండు దినాలు పొయ్యి నీది. అన్నమూ నువ్వే, కూరా నువ్వే. పిల్లను లేపినావని తెలిసిందంటే ఆన్నించే ఫోన్లో అరుస్తా.”

“చేస్తాలేమ్మే” అన్నాడతను, కూతురి మొహం చూడలేక వాకిట్లోకి చూస్తూ.

చాంద్ బేగం పెన్ను తీసుకుని తలుపు వెనక క్యాలెండర్ దగ్గరికి పోయింది. “రాయొచ్చా?” అని ఫిరోజాను అడిగి, ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన తేదీల్లో నాయన వంట అని రాసింది. రేకు డబ్బా పట్టుకుని నిలబడింది.

“ఇది యాడ పెట్టాల? నువ్వే చెప్పు.”

ఫిరోజా కాస్త ఆలోచించింది. మధ్య వరసలో కందిపప్పు డబ్బా ఎడమకు జరిపింది, చక్కెర డబ్బా కుడికి జరిపింది. నడుమ రేకు డబ్బా పట్టేంత చోటు వచ్చింది.

బడి గంట ఇంటిదాకా వినిపించింది. పిల్లలు చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. గౌసియా వీధి మలుపు దాకా చెయ్యి ఊపింది. ఫిరోజా ఒక్కసారి వెనక్కి తిరిగి, “పాస్‌పోర్టు పై సంచిలో పెట్టుకున్యావా మా?” అని అడిగింది. పెట్టుకున్నానని తల్లి తల ఊపింది.

మూడింటికి రావాల్సిన వ్యాన్ మూడుంబావుకు వచ్చింది. లోపల ప్రొద్దుటూరులో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. మీరా హుస్సేన్ పెట్టె ఎక్కించాడు. తలుపు మూసేముందు భార్య ఒళ్ళో చెయ్యి ఒకసారి ఆనించి తీసేశాడు. అతని వేళ్ళకున్న దూది పీచు ఆమె నల్లటి బురఖాకు అంటింది. వ్యాన్ బడి పక్కనుంచే పోయింది. ప్రహరీ ఎత్తుగా ఉంది. కిటికీల పైభాగాలు మాత్రం కనిపించాయి. ఏ గదిలో లెక్కల పరీక్ష రాస్తున్నారో ఆమెకు తెలియలేదు. చెన్నై దారిలో ఎండకు పొలాలు తెల్లగా మెరుస్తున్నాయి.

నాలుగున్నరకు ఫిరోజా ఇంటి తాళం తీసింది. సంచి గూట్లో పెట్టి, పప్పు కడిగి కుక్కర్‌లో వేసి పొయ్యి వెలిగించింది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన గౌసియా అక్కడినుంచే కేక పెట్టింది.

“అక్కా, బకెట్లో అమ్మ నైటీ ఉండాది.”

ఫిరోజా వచ్చి చూసింది. పొద్దున సబ్బు నీళ్ళలో నానేసి మర్చిపోయినట్టుంది. పిండి ఆరేద్దామని వంగి, మోచేతి దాకా నీళ్ళలో ముంచింది. గుడ్డ పట్టుకుంది. కాసేపు అట్లాగే ఉండి వదిలేసింది.

“ఉతకవా అక్కా?”

“ఆదివారం చూస్తాంలే” అంది ఫిరోజా. కుక్కర్ కూత వేసింది. చెయ్యి తుడుచుకుంటూ లోపలికి పోయింది, చెల్లెలు ఆమె వెంట పోయింది.

బకెట్లో నురగ ఎప్పుడో విరిగిపోయింది. నీలం నైటీ వీపు దగ్గర గాలి నిండి ఉబ్బి, నీళ్ళమీద తేలుతోంది.