కాటుక పెట్టిన వెండి కండ్లు

ఫోన్‌కొచ్చిన వాయిస్ మెసేజ్‌లో పరమేష్ గొంతు వినగానే సింధుజ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అందరికీ చెప్తున్న. సుగుణమ్మగారి వెండి కండ్లు ఫోటో తీయనీకి చేవెళ్ల సింధుజకిచ్చిన. ఆడనే మారినయ్. ఇగ ఆమెతోని మా దుకాణానికి సంబంధం లేదు."

మొయినాబాద్‌లో పరమేష్ వెండి దుకాణానికి ఒక వాట్సాప్ గ్రూపుంది. చుట్టుపక్కల ఊళ్లలో కొనేవాళ్లంతా అందులోనే ఉంటారు. సింధుజ బతుకుదెరువూ దాని మీదే. పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణెలు ఇంటికి తెచ్చుకుని, కిటికీ పక్కన పీట మీద పెట్టి ఫోటోలు తీసి ఇస్తుంది. అదే గ్రూపులో ఆమెను దొంగను చేశాడు.

"ఏమంటుండే వాడు?" అత్త ముత్తమ్మ అడిగింది.

"దొంగనంటుండు."

"దొంగవైతే ఫోటోలకని నా నల్ల గొంగడెందుకు కోస్తివే? కొత్త నల్లగుడ్డ కొనుక్కుందువు."

సింధుజ నవ్వలేదు. పొయ్యి ఆర్పి, మామ తెల్ల పంచె, గొంగడి ముక్కలు సంచిలో కుక్కి స్కూటీ తీసింది.

దుకాణంలో పరమేష్ ఎదురుగా, కనకమామిడి నుంచి వచ్చిన సుగుణమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్ బాగా జరిగితే మైసమ్మకు వెండి కండ్లు పెడతానని మొక్కుకున్న పెద్దావిడ. బాదం గింజలంత కండ్ల జత ఆమె అరచేతిలో ఉంది.

"అన్నా, నేను మార్చిన్నని ఎట్ల చెప్తవ్?" సింధుజ పరమేష్‌ను నిలదీసింది.

"నన్నెందుకు, అమ్మనడుగు."

సుగుణమ్మ ఫోన్ చూపింది. తెల్ల కాగితం మీద వెండి కండ్లు, అంచుల వెంట సన్నటి నల్లగీత. "ఫోటోల కాటుక ఉన్నది బిడ్డా. అది చూసే నచ్చినయన్న. వీటికేది?"

సింధుజకు విషయం అర్థమైంది. కోపం తగ్గలేదు, రెట్టింపయింది. "తూకమేసినవా అన్నా?"

"వేసిన. చేపిచ్చినప్పటి తూకమే ఉన్నది. అంతే తూకంల వేరేవి చేపియ్యరాదా?"

"ఈ కండ్లు దొంగిలించి, అంతే వెండి నేనే కొని, ఇంకో జత చేపిచ్చి, తెచ్చి నీకే ఇస్తనా? నాకేం మిగిలింది?"

పరమేష్ గల్లాపెట్టె వైపు చూశాడు.

"మిగులుడు సంగతి నాకెందుకు? కాటుక చూపియ్యి" అంది సుగుణమ్మ.

"అది కాటుక కాదమ్మా. గొంగడి."

"వెండికి గొంగడి కప్పినవా? చలి పెట్టిందా దానికి?" పరమేష్ ఎగతాళిగా అన్నాడు.

"లైట్లు బంద్ చెయ్యి."

"గిరాకీ టైంల..."

"గిరాకీ టైంలనే గద దొంగనన్నవ్. బంద్ చేసి ఈ పంచె పట్టుకో."

లైట్లు ఆరాయి. సింధుజ స్టూలును గుమ్మం దగ్గరికి లాగి, తెల్ల కాగితం పరిచి, కండ్లు పెట్టింది. పరమేష్ రెండు చేతులూ చాపి, బట్టలారేసే దండెంలా పంచె పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీది ఎండ పంచెలోంచి మెత్తగా వచ్చి వెండి మీద పడింది.

"చూడమ్మా. వెండి అద్దమసొంటిది. ఎదురుంగ ఏముంటే అదే చూపిస్తది. అంతా తెలుపే ఉంటే గిట్లయితది."

సింధుజ కెమెరా తెరిచి పట్టుకున్న ఫోన్ మీదికి సుగుణమ్మ వంగింది. కండ్ల అంచులు కాగితంలో కలిసిపోయి, పిండి ముద్దల్లా ఉన్నాయి. సింధుజ అటొకటి ఇటొకటి గొంగడి ముక్కలు నిలబెట్టింది. ఫోన్‌లో వెండి అంచుల వెంట నల్లటి గీత దిగింది.

సుగుణమ్మ ఒక ముక్క తీసేసింది. ఆ వైపు కాటుక పోయింది. మళ్లీ పెట్టింది. వచ్చింది.

"గొంగడే" అంది నెమ్మదిగా.

పరమేష్ నవ్వుతూ పంచె దించాడు. "గింతేనా? లైట్ తీసుకో చెల్లె. ముందుగాల్నే చెప్తే అయిపోతుండె."

"నన్నడిగినవా? అడగకుండనే ఊరందరికీ చెప్పినవ్. ఇప్పుడు గ్రూపుల చెప్పు."

అతను ఫోన్ తీసి టైపు చేయబోయాడు.

"రాసుడు గాదు. నోటితోని అన్నవ్, నోటితోనే చెప్పు."

పరమేష్ సాయం కోసం సుగుణమ్మ వైపు చూశాడు.

"చెప్పు పరమేష్. నేను గూడ వింట" అంది ఆమె, మళ్లీ కుర్చీలో కూర్చుంటూ.

అతను ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సుగుణమ్మగారి కండ్లు అవేనట. ఏదో చిన్న పొరపాటు..."

"ఎవరిది?"

"నాది. చేవెళ్ల సింధుజ ఏం మార్చలె. తప్పు నాదే."

సింధుజ చేతిలో, సుగుణమ్మ ఒళ్లో ఫోన్లు ఒకేసారి మోగాయి. సుగుణమ్మ లేచి, స్టూలు మీది కండ్లను కొంగున ముడేసుకుంది. "మైసమ్మకు కాటుక నేనే పెడత. ఇంట్ల ఉన్నది."

ఆమె వెళ్లగానే పరమేష్ భరిణెల డబ్బా సింధుజ ముందుకు నెట్టాడు. ఎప్పటిలాగే, లెక్కా తూకం లేకుండా. "ఇవి రేపటికి కావాలె చెల్లె."

సింధుజ డబ్బాను ముట్టుకోలేదు. "తూకమెయ్యి. వీడియో తీసి గ్రూపుల పెడత. అప్పుడు ముట్టుకుంట."

పరమేష్ త్రాసును దగ్గరికి లాక్కున్నాడు. "లైట్లన్నా వేసుకోనా?"

"వెయ్యి. తూకం మంచిగ కనవడాలె."