బోరు తొట్టి దగ్గర బొమ్మలు

మొదటి దెబ్బ వీపు మీద పడినప్పుడు బెన్ని చేతిలో పెన్సిలు ఇంకా కదులుతూనే ఉంది. తెలిసినవాళ్లెవరో సరదాకి చరిచారనుకుని నవ్వుమొహంతోనే వెనక్కి తిరిగాడు. రెండో దెబ్బ ఆ నవ్వు మీదే పడింది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది.

"దొరికాడ్రా! రండ్రా!" అని పొలాలు దద్దరిల్లేలా అరిచాడు కొట్టినవాడు. అతని పేరు మోజెస్. వత్సవాయి పొలాల్లో ఎకరంన్నర బెండతోట వేసుకున్న రైతు. చేతిలో పార కామ కర్ర ఉంది. ఆ కేకకి చుట్టుపక్కల చేలల్లోంచి ఆరుగురు పరిగెత్తుకొచ్చారు. ఎవరని అడిగినవాడు లేడు. వచ్చినవాడు వచ్చినట్టు ఒక తన్ను తన్ని, ఆ తర్వాత విషయమేమిటని కనుక్కున్నాడు.

బెన్ని దొంగ కాదు. ఆ సంగతి అక్కడ బెన్ని ఒక్కడికే తెలుసు. అదీ వచ్చిన చిక్కు.

అతనిది చిల్లకల్లు. ఒకప్పుడు బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని నోట్లో మట్టి కొట్టాక ఇళ్లకి సున్నాలు వేస్తూ పదేళ్లు నెట్టుకొచ్చాడు. అలాంటివాడికి ఈ ఎండాకాలం జగ్గయ్యపేటలో లక్ష్మీకాంత్ అనే షావుకారు ఒక గోడ అప్పజెప్పాడు. కొత్తగా తెరుస్తున్న కూల్‌డ్రింకుల షాపుకి ముప్పై అడుగుల గోడ. దాని నిండా వేసవి బొమ్మలు కావాలి.

"ఫోన్లో చూసి దించమాక బెన్నీ. ఎండల్లో మనోళ్లు దేనికి మురిసిపోతారో అది వెయ్యి. నెలాఖరుకి ఓపెనింగు" అన్నాడు ఆయన.

ఈ ఒక్క గోడ కుదిరితే తను మళ్లీ పెయింటరు అవుతాడు. కుదరకపోతే చచ్చేదాకా సున్నం బకెట్టే. బెన్ని ఆశంతా తన కుడిచేతి మీదే పెట్టుకున్నాడు.

నాలుగు రోజులు కాళ్లరిగేలా తిరిగాడు. హైవే పక్కన జయమణి అనే ఆవిడ ముంజలు కొడుతుంటే బొటనవేలితో తోడుకుని తినేవాళ్ల మొహాలు గీశాడు. పేట మార్కెట్లో ఆవకాయకి కాయలు కొట్టేవాడి ముందు పూట గడిపాడు. కత్తి దెబ్బకి టెంక రెండయ్యేటప్పుడు ఆ చెయ్యి లేచే ఊపు చూసి ఒళ్లు జలదరించింది. పెనుగంచిప్రోలు దగ్గర మునేట్లో మెడలోతున కూర్చుని కబుర్లాడుకునే ముసలాళ్లని గీశాడు. ముప్పై రెండేళ్లుగా ఇవన్నీ కళ్లెదుటే ఉంటే తనేం చూశాడు? గుడ్డివాడిలా బతికానని సిగ్గేసింది. సంతోషమూ వేసింది. పొద్దున్నే మెలకువ రాగానే చెయ్యి పెన్సిలు కోసం తడుముకునేది.

ఐదో రోజు బోరు నీళ్ల బొమ్మ కోసం వత్సవాయి వైపు వచ్చాడు. కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పైపులోంచి తొట్టిలోకి దూకుతున్నాయి. జనం వాటి కింద తలలు పెట్టి కేరింతలు కొడుతున్నారు. దూరంగా తుమ్మచెట్టు నీడన కూర్చుని గబగబా పేజీలు నింపాడు. రెండింటికి కరెంటు పోయింది. తొట్టి దగ్గరివాళ్లంతా అన్నాలకి వెళ్లిపోయారు. బుద్ధున్నవాడైతే తనూ వెళ్లిపోయేవాడు. మోటారు, స్టార్టరు పెట్టె, బోరు దాకా వెళ్లిన నల్లటి వైరు కూడా బొమ్మలో సరిగ్గా ఉండాలని దగ్గరికెళ్లి కూర్చున్నాడు. అదే కొంప ముంచింది.

ఆ నెలలో ఆ చుట్టుపక్కల తొమ్మిది మోటార్ల వైర్లు కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. మోజెస్‌కి రెండుసార్లు పోయింది. రెండోసారి కొత్త వైరు వేయించేలోపు సగం తోట నిలువునా ఎండిపోయింది. పోలీసులకి ఫిర్యాదు చేస్తే చూద్దామన్నారు. ఇప్పుడు, ఎవరూ లేని వేళ, ఊరూ పేరూ తెలియనివాడు తన స్టార్టరు పెట్టె ముందు కూర్చుని కనపడేసరికి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మోకుతో బెన్నిని కరెంటు స్తంభానికి కట్టారు. "ఏ ఊర్రా నీది?"

"చిల్లకల్లు అన్నా. బొమ్మలేసుకుంటన్నా. గోడకి..."

"మిట్టమధ్యాహ్నం బొమ్మలేంటిరా!" చెంప మీద కొట్టాడు మోజెస్. ఎవడో పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాడు. మోటారు. స్టార్టరు పెట్టె. వైరు ఎక్కడ మొదలై ఎక్కడ భూమిలోకి దిగిందో అంతా అచ్చు గుద్దినట్టుంది. పక్కనే బెన్ని తన గుర్తు కోసం రాసుకున్నాడు: రెండున్నర, మనుషులు లేరు, ఎండ బాగుంది.

"చూశారా! టైము కూడా రాసుకున్నాడు లంజాకొడుకు!"

ముందు పేజీలు తిప్పే ఓపిక ఎవడికుంది? పుస్తకాన్ని బురదలోకి విసిరేసి మీద పడ్డారు. డొక్కలో మోకాళ్లు, మెడ మీద పిడికిళ్లు. ఒకడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ రెండో చేత్తో కొట్టాడు. బెన్ని యేసుప్రభువుని పిలిచాడు, వాళ్లమ్మని పిలిచాడు. కన్ను వాచి మూసుకుపోయింది. పక్కటెముక విరిగిన చప్పుడు అతనికే వినపడింది.

"వైరు కోసే చెయ్యి ఏదిరా?" అన్నాడు మోజెస్.

బెన్నికి అప్పుడు అర్థమైంది. అంతదాకా చంపుతారేమోనని భయపడ్డాడు. ఇది అంతకన్నా ఎక్కువ భయం.

"అన్నా, చెయ్యొద్దన్నా! తల పగలగొట్టు, కాలు తీసెయ్యి, చెయ్యొద్దు! అదొక్కటే ఉందన్నా నాకు!"

దొంగ చేతి కోసం ఏడుస్తున్నాడంటే వాళ్లకింకా పౌరుషం వచ్చింది. కట్లు విప్పి ఈడ్చుకెళ్లి తొట్టి గట్టు మీద కుడిచెయ్యి చాపి పట్టుకున్నారు. ఇద్దరు భుజం మీద కూర్చున్నారు. మోజెస్ పార కామ ఎత్తాడు.

అరుపులు విని అతని భార్య పుష్పవతి ఇంటి దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తూ, కాళ్ల కింద పడ్డ పుస్తకం తీసింది. బురద తుడిచి మధ్యలో తెరిచింది. చూసి, "ఆపయ్యా!" అని కేక వేసింది.

దెబ్బ అప్పటికే దిగిపోయింది.

బెన్ని నోట్లోంచి వచ్చింది కేక కాదు, గొడ్డు అరుపు. మోజెస్ మళ్లీ ఎత్తాడు. పుష్పవతి ఆ కామ పట్టుకుని వేలాడింది. పుస్తకం మొగుడి మొహానికి ఆనించింది.

ఆ పేజీలో, తొట్టిలో మొలలోతు నీళ్లలో మోజెస్. భార్య నెత్తి మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరిస్తూ, తల వెనక్కి వాల్చి, ఊడిన పన్ను కనపడేలా నవ్వుతున్నాడు.

"పొద్దున నవ్వావు కదయ్యా! ఎన్నేళ్లకి నవ్వావు! దొంగకి నీ నవ్వెందుకయ్యా?"

మోజెస్ చేతిలోంచి కామ జారిపోయింది. వీడియో తీసేవాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఒకడికి గేదె గుర్తొచ్చింది, ఒకడికి ఇంట్లో పని గుర్తొచ్చింది. కొట్టడానికి ఏడుగురు, ఎత్తడానికి ఇద్దరు. మనుషులింతే, థూ!

మొగుడూ పెళ్లాలే ఆటోలో వేసుకుని నందిగామ ఆసుపత్రికి తెచ్చారు. మూడు వేళ్ల ఎముకలు నుజ్జయ్యాయని, ఆపరేషను చేసినా గ్లాసు పట్టుకోగలడేమో గానీ సన్నపని కష్టమనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

మర్నాడు మోజెస్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "కేసు పెట్టు తమ్ముడూ. నేనే కొట్టానని ఒప్పుకుంటా" అన్నాడు.

బెన్ని లేచి కూర్చుని ఎడమచేత్తో లాగి కొట్టాడు. మోజెస్ మొహం తిప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, దెబ్బలు చెవి మీదా మెడ మీదా ఎక్కడపడితే అక్కడ పడ్డాయి. ముక్కులోంచి రక్తం కారేదాకా కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ విరిగిన పక్కటెముక ప్రాణం తోడేసింది. నర్సు వచ్చి పట్టుకుంటే అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. అతనికి మోజెస్ మీద కోపం తీరలేదు. ఈ జన్మలో తీరదు కూడా.

మోజెస్ రక్తం తుడుచుకోలేదు. "నాకు అడిగే మొహం లేదు. ఆ బొమ్మ నాకియ్యి తమ్ముడూ. నేనట్టా ఉంటానని నాకే తెలవదు."

పుష్పవతి తెచ్చి దిండు కింద పెట్టిన పుస్తకాన్ని బెన్ని ఎడమచేత్తో గుండెకి అదుముకున్నాడు.

"ఇయ్యను. గోడ మీద వెయ్యాలి, ఈ బొమ్మలో నవ్వే ఆయన్ని. ఎడమచేత్తో ఎన్ని వంకర్లు పోయినా సరే, వేస్తా. నువ్వు నన్ను కొట్టినోడివి, పో ఇక్కణ్ణించి. ఆ తొట్టిలో ఆయన నన్నేమీ చెయ్యలేదు."